తక్కువ డబ్బుతో మరుగునపడ్డ పాటల వేట: ప్లేటా, క్యాసెట్టా, సీడీనా, రేడియోనా?

ఘంటసాల సినిమా పాట కోసం ఇవాళ ఎవరూ వేటాడక్కర్లేదు. ఫోన్‌ని అడిగితే చాలు, పాడేస్తుంది. వెతకాల్సి వచ్చేదల్లా మిగతా సరుకే. రంగస్థల పద్యాలు, బుర్రకథలు, హరికథలు, రేడియో కోసం స్వరపరిచిన లలిత గీతాలు, జాతర కోసమని ఆ ఊరి గాయకుడే సొంత ఖర్చుతో తెచ్చిన అమ్మవారి పాటలు, పెళ్లి మంటపం దాటితే ఎవరూ పట్టించుకోని నాదస్వరం. ఇవన్నీ ఎక్కడో ఒకచోట రికార్డయ్యే ఉన్నాయి. కొన్ని పాత సామాను కొట్లో అడుగున పడి ఉన్నాయి, కొన్ని ఎవరింటి అటక మీదో ఉన్నాయి, కొన్ని ఎవరో తప్పు స్పెల్లింగుతో యూట్యూబ్‌లో పెట్టి మర్చిపోయిన వీడియోల్లో ఉన్నాయి.

వీటి కోసం బయల్దేరే ముందు దేని వెంట పడాలో తేల్చుకోవాలి. గ్రామఫోను ప్లేట్లా, ఎల్‌పీలా (ఎక్కువసేపు ఆడే పెద్ద వినైల్ రికార్డులు), క్యాసెట్లా, సీడీలా? లేక అసలేమీ కొనకుండా రేడియో, ఇంటర్నెట్‌తో సరిపెట్టుకోవాలా? నెలకు 500 రూపాయలకు మించి పెట్టలేని మనిషిని మనసులో పెట్టుకుని వీటిని పోల్చుతున్నాను. డబ్బున్న కలెక్టర్లకు ఈ సలహా పనికిరాదు, వాళ్లకు దీని అవసరమూ లేదు.

ఇలాంటి పోలికలు మామూలుగా సౌండ్ క్వాలిటీతో మొదలవుతాయి. నా కొలత వేరు: నచ్చనిది కొంటే ఎంత పోతుంది? ఈ వేటలో మజా అంతా పేరు కూడా వినని గాయకుడి మీద పందెం కాయడంలో ఉంది. పందెం 20 రూపాయలైతే ఎవరి మీదైనా కాస్తాం. 800 అయితే చేయి వెనక్కి పోతుంది, తెలిసిన పేరే కొంటాం. తెలిసిన పేరే కొనేటప్పుడు ఇంక అది వేట కాదు, షాపింగ్. జేబు చిన్నదైనందువల్ల కలిసొచ్చేది ఇదొక్కటే గానీ, చిన్న లాభం మాత్రం కాదు.

ఏ పాట ఏ రూపంలో ఇరుక్కుపోయింది

చాలామంది ముందు మెషీన్ కొంటారు, ఆ తర్వాత దానికి సరిపడే పాటలు వెతుక్కుంటారు. తలకిందులు పని అది. మీకు కావాల్సిన పాట ఏ కాలంలో ఏ రూపంలో ఆగిపోయిందో ముందు చూసుకోవాలి.

మన దేశంలో 78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు సుమారు 1970 దాకా వచ్చాయి. పది అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. కచేరీ విద్వాంసులకు ఇది ఇరుకు చొక్కా. మన రంగస్థల పద్యానికి మాత్రం అతికినట్టు సరిపోయింది: రాగం తీయడం, పద్యం ఎత్తుకోవడం, చివర ఊపిరి బిగబట్టి సాగదీయడం అన్నీ ఆ మూడు నిమిషాల్లో ఇమిడిపోయేవి. స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య లాంటి వాళ్ల స్టేజీ గొంతును మనకు మిగిల్చింది చాలావరకు ఈ ప్లేట్లే. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్, రావు బాలసరస్వతి, సాలూరి రాజేశ్వరరావు పాడిన ప్రైవేటు పాటలు, ఘంటసాల గొంతులో కరుణశ్రీ పద్యాలు కూడా మొదట ప్లేట్ల మీదే వచ్చాయి.

తర్వాత ఎల్‌పీల, వాటికి చిన్న తమ్ముళ్లలాంటి ఈపీల కాలం. చిట్టిబాబు, ఈమని శంకరశాస్త్రి వీణ, ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా నాదస్వరం ఎల్‌పీల మీద దొరుకుతాయి. అప్పట్లో మార్కెట్ చాలావరకు హెచ్‌ఎంవీ ముద్ర వేసే గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియాది. ఎవరి గొంతు రికార్డుకెక్కాలో కంపెనీ తేల్చేది. ఊళ్లు తిరిగే బుర్రకథ దళానికి ఆ తలుపు అంత తేలిగ్గా తెరుచుకునేది కాదు.

ఆ తలుపును క్యాసెట్ బద్దలు కొట్టింది. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లోనే తెచ్చినా మన ఊళ్లను ముంచెత్తింది 1980ల్లో. కాపీలు తీయడానికి పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు, నాలుగు డెక్కులున్న గది చాలు. దాంతో జిల్లాకో చిన్న కంపెనీ పుట్టింది. నాటకం సెట్లు, జానపదాలు, అయ్యప్ప భజనలు, ఉద్యమ పాటలు అన్నీ క్యాసెట్‌కెక్కాయి. ఆ చిన్న కంపెనీల్లో చాలావాటికి సీడీ కాలం దాకా ఆయుష్షు లేకపోయింది. వాటి పాటలు క్యాసెట్ మీదే ఆగిపోయాయి.

రేడియోది ఇంకో కథ. 1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉండగా ఆకాశవాణి సినిమా పాటల్ని పక్కన పెట్టింది. ఆ ఖాళీలో లలిత సంగీతానికి ఊతం దొరికింది. 1957లో వివిధ భారతి పేరుతో సినిమా పాటలు మళ్లీ వచ్చాయి గానీ, అప్పటికే తెలుగు కేంద్రాల్లో కవుల చేత పాటలు రాయించి, స్టేషన్‌లోనే బాణీ కట్టించి పాడించే అలవాటు కుదురుకుంది. ‘ఈ మాసపు పాట’ అని శ్రోతలకు నేర్పేవారు కూడా. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాళ్లు విజయవాడ కేంద్రంలో పెంచిన భక్తిరంజని పాటల కోసం ఇప్పటికీ వెతుక్కునే వాళ్లున్నారు. ఇలాంటి రేడియో పాటల్లో ఎన్నో మార్కెట్లోకి రానే లేదు. వచ్చినవాటిలో కూడా అన్నీ నిలవలేదు.

క్యాసెట్: నా ఓటు దీనికే

ధర సంగతి ముందు చెప్పుకుందాం. ఆదివారం సంతలో, పాత సామాను కొట్లో క్యాసెట్‌కి ఎవరూ విలువ కట్టరు. కవరు మీద సినిమా స్టార్ లేకపోతే మరీ చులకన. 10 రూపాయలకు ఇచ్చేవాళ్లున్నారు, 50 అడిగేవాళ్లున్నారు, సంచెడు తీసుకుంటే లెక్క పెట్టకుండా ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బుకు చేతికొచ్చేవి రాయబారం సీను, కాటి సీను, షేక్ నాజర్ బాణీలో చెప్పిన బుర్రకథలు, పేరున్న హరికథకుడి రుక్మిణీ కల్యాణం. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, డి.వి. సుబ్బారావు లాంటి పద్య నాటక నటుల పేర్లు కవరు మీద కనిపిస్తే బేరం కూడా ఆడకండి.

పేరు తెలియని క్యాసెట్ అయితే కవరు వెనక చదవండి. చిన్న ఊరి అడ్రసు, దాని పక్కన నాలుగైదు అంకెల ఫోన్ నంబరు ఉంటే అది పాతకాలం సరుకు. వాద్య సహకారం ఎవరిదో రాసి ఉంటే ఇంకా మంచిది. హార్మోనియం, డప్పు, గుమ్మెట అని మనుషుల పేర్లతో సహా ఉంటే తీసుకోండి. ‘ఆర్కెస్ట్రా’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారంటే ఎక్కువసార్లు కీబోర్డు, దాంతోపాటు వచ్చే రిథమ్ బాక్సే వినబడతాయి. ఆ రిథమ్ బాక్సు మోతలో కూడా ఓ తమాషా ఉందనే వాళ్లున్నారు. నేనైతే ఆ పార్టీ కాదు.

అందరూ పక్కకు నెట్టేసే చేతిరాత క్యాసెట్లే అసలు సరుకు అని నా నమ్మకం. ఒకప్పుడు ప్రతి టౌన్‌లో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే మీకు కావాల్సినట్టు ఎక్కించి ఇచ్చేవాళ్లు. అవి ఎక్కువగా సినిమా పాటలే, వదిలేయవచ్చు. కానీ కొందరు ఇంట్లో టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె) పెట్టుకుని రేడియో నుంచి నేరుగా రికార్డు చేసుకునేవారు. నీలం సిరాతో ‘రేడియో నాటిక’, ‘లలిత సంగీతం’, ‘త్యాగరాజ ఉత్సవం’ అని రాసి, పక్కన తేదీ వేసి, చెరిగిపోకుండా వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేసిన క్యాసెట్ కనబడితే కళ్లు మూసుకుని తీసుకోండి. మెల్‌ట్రాక్, సోనీ, టీడీకే ఖాళీ క్యాసెట్ల మీద ఇలాంటివి ఉంటాయి. అమ్మేవాడి లెక్కలో అది వాడేసిన చెత్త. ఆ ప్రసారం మళ్లీ ఇంకెక్కడా దొరక్కపోవచ్చు.

కొనే ముందు చూసుకోవాల్సినవి పెద్దగా లేవు. టేపు బయటికి కనబడే వైపు లోహపు రేకు మీద చిన్న మెత్తటి దిండు ఉంటుంది. అది ఊడిపోతే శబ్దం మసకబారుతుంది, ఇంకో క్యాసెట్‌ది తీసి పెట్టుకోవచ్చు. చుట్ట అంచు మీద తెల్లటి బూజు ఉంటే వదిలేయండి, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో ఏళ్ల తరబడి మగ్గినవి. ఆ బూజు ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు, అక్కణ్నుంచి మిగతా క్యాసెట్లకు అంటుకుంటుంది. పెన్ను పెట్టి తిప్పితే చుట్ట తేలిగ్గా తిరగాలి. మరలు బిగించిన డబ్బా అయితే టేపు తెగినా విప్పి అతికించుకోవచ్చు. అంటించేసిన డబ్బాతో ఆ సుఖం లేదు. 60, 90 నిమిషాలవి పర్వాలేదు, 120 వాటిలో టేపు మరీ పల్చన, చుట్టుకుపోతుంది.

ఆడించడానికి కొత్తది కొనకండి. యూఎస్‌బీ తీగతో వచ్చే చౌక ‘కన్వర్టర్’ ప్లేయర్లలో వేగం నిలకడగా ఉండదు, వీణ చలి పట్టినట్టు వణుకుతుంది. చుట్టాల్లో ఎవరింట్లోనైనా మూలపడ్డ టేప్ రికార్డర్ తప్పకుండా ఉంటుంది, అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. అది తిరగడం లేదంటే ఎక్కువసార్లు తప్పు లోపలి రబ్బరు బెల్టుది. ముదిరి జిగురులా కరిగిపోతుంది. పాత రిపేరు షాపులో తక్కువకే మార్చి ఇస్తారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో హెడ్ తుడిస్తే సగం రోగాలు పోతాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. పాత టేపు మొదటిసారి ఆడినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. రెండోసారికి అది ఉంటుందో తెగుతుందో ఎవరూ చెప్పలేరు. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉంటే పనైపోతుంది. శ్రుతి కూడా సరిచూసుకోండి. వేగంలో నూటికి ఆరు పాళ్లు తేడా వచ్చిందంటే శ్రుతి ఒక సెమిటోన్ (హార్మోనియం మీద నలుపూ తెలుపూ కలిపి లెక్కేస్తే ఒక మీట) జరుగుతుంది. ఆ గాయకుడి వేరే రికార్డింగుతో పోల్చితే పట్టుబడుతుంది. ఎంపీ3గా కాకుండా ముందు నాణ్యత తగ్గించని వావ్ గానో ఫ్లాక్ గానో దాచుకోవడం మంచిది.

ఎల్‌పీ: ప్లేయర్ ఇంట్లో ఉంటేనే

ఎల్‌పీ చేతిలో పట్టుకుంటే వచ్చే సంబరం క్యాసెట్‌తో రాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ పదేళ్లలో దానికి ఫ్యాషన్ పట్టింది. ఇళయరాజా పేరుంటే అట్ట చిరిగినా వేలు అడుగుతున్నారు. మామూలు సినిమా ఎల్‌పీలు కూడా వందల్లోనే మొదలు. పైగా ప్లేయర్. సూట్‌కేసులాంటి చౌక టర్న్‌టేబుళ్లలో ముల్లు బరువుగా కూర్చుంటుంది, రికార్డును అరగదీస్తుంది. సరైన టర్న్‌టేబుల్‌కు పెట్టే డబ్బుతో ఏడాది పొడుగునా క్యాసెట్లు కొనుక్కోవచ్చు. కాబట్టి తాతగారి రికార్డు ప్లేయర్ ఇంట్లో పని చేస్తుంటే తప్ప నెలకు 500 వాళ్లకు ఇది దారి కాదు.

ప్లేయర్ ఉన్నవాళ్లకు చౌక దారులు లేకపోలేదు. సినిమా ఎల్‌పీల వెంట అందరూ పడతారు గనక వాద్య సంగీతం ఎల్‌పీలు అదే కట్టలో సగం ధరకు పడి ఉంటాయి. వీణ, నాదస్వరం, వయొలిన్ చూడండి. రెండో దారి, అట్ట లేని రికార్డులు. చెదలు తిన్న అట్ట ఉంటే కలెక్టర్ ముట్టుకోడు, మనకు కావాల్సింది లోపలి గాడి. మూడోది ఏడంగుళాల ఈపీ. రెండు నుంచి నాలుగు పాటలే కాబట్టి జనం తక్కువ అడుగుతారు, ప్రైవేటు భక్తి పాటలు, పద్యాలు వీటి మీద చాలా వచ్చాయి.

రికార్డును ఎండలోకి తెచ్చి ఏటవాలుగా పట్టుకుని చూడండి. కంటికి మాత్రమే కనబడే సన్నటి గీతలు ఫర్వాలేదు. గోటికి తగిలే గీత ఉంటే టక్ టక్‌మని కొడుతుంది. గాడి నల్లగా నిగనిగలాడకుండా బూడిద రంగు తిరిగిందంటే ముల్లు తినేసిందని అర్థం, ఎంత కడిగినా రాదు. ఇంటికి తెచ్చాక డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడవండి.

78 ప్లేట్లు: వినండి, కొనకండి

సంతలో 78లు ఒక్కోసారి ఎల్‌పీల కంటే చౌకగా కనబడి ఆశ పెడతాయి. చౌకకు కారణం వాటిని ఆడించే మెషీన్ ఎవరి దగ్గరా లేకపోవడమే. ఎల్‌పీ ముల్లు వీటి గాడికి సరిపోదు. దానికి మూడు నాలుగు రెట్లు లావు ముల్లు కావాలి. కీ ఇచ్చే పాత గ్రామఫోను అయితే ప్లేటు వైపుకో ఉక్కు ముల్లు మార్చాలి, బరువైన ఆ చేయి ఆడిన ప్రతిసారీ ప్లేటును కొంచెం తినేస్తుంది. జారితే పెంకులు. ఆల్కహాల్‌తో తుడిచారో, లక్క కరిగిపోతుంది.

పైగా ఈ ప్లేట్లలోని సంగీతమే ఇంటర్నెట్‌లోకి అన్నిటికంటే ఎక్కువ ఎక్కింది. ఓపికున్న కలెక్టర్లు శుభ్రం చేసి పెట్టినవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో, యూట్యూబ్‌లో బోలెడున్నాయి. చట్టం కూడా కొంత వీలిచ్చింది. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. అంటే 1964 లోపు విడుదలైన ప్లేట్ల రికార్డింగ్ హక్కులు ఇప్పటికే తీరిపోయాయి. అయితే సాహిత్యం, బాణీల హక్కు వేరే లెక్క. రాసినవారు, కట్టినవారు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. వినడానికి అడ్డేమీ లేదు. మీరే ఎక్కించి పంచాలంటే ఈ రెండో లెక్క కూడా చూసుకోవాలి.

సీడీ: ఎవరూ కన్నెత్తి చూడనిది

ఈ వరసలో అన్నిటికంటే తక్కువ అంచనా సీడీ మీదే ఉంది. ఎల్‌పీ మీద మోజు పెరిగింది, క్యాసెట్ మీద జాలి మొదలైంది, సీడీ మీద రెండూ లేవు. పాత లాప్‌టాప్, మూలపడ్డ డీవీడీ ప్లేయర్ ఏదైనా ఆడిస్తుంది. అరుగుదల లేదు, చప్పుడు లేదు. ఆకాశవాణి ఆర్కైవ్స్ తెచ్చిన కర్ణాటక సంగీతం సీడీలు, సంగీత సభలు బయటికి తెచ్చినవి చేతికి దొరికితే పండగే.

‘150 పాటలు’ అని అట్ట మీద అరిచే ఎంపీ3 సీడీలు వేరు. 700 ఎంబీ డిస్కులో 128 కేబీపీఎస్ నాణ్యత చొప్పున సుమారు 12 గంటల సంగీతం పడుతుంది. కంపెనీ వాళ్లు తెచ్చినవైతే పర్వాలేదు. ఇంట్లో రాసిన నీలం, ఆకుపచ్చ రంగు డిస్కులు మాత్రం ఏళ్లు గడిస్తే చదవబడవు. వాటి మీద డబ్బు పెట్టకండి. చిక్కేమిటంటే జిల్లా కంపెనీల సరుకు సీడీ దాకా రాలేదు గనక బుర్రకథ, నాటకం వేటగాళ్లకు ఇక్కడ పని తక్కువ. శాస్త్రీయ సంగీతం కావాల్సినవాళ్లు మాత్రం క్యాసెట్ కంటే ముందు ఇదే చూడాలి.

పైసా ఖర్చు లేని రెండు దారులు

ఇంటర్నెట్‌లో వెతకడం కూడా వేటే, కాకపోతే చేతులకు దుమ్ము అంటదు. తెలుగు లిపిలో వెతకడంతో ఆపేయకండి. ఎక్కించినవాళ్లు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు రాస్తారు. ఒకే విద్వాంసుడి పేరుకు నాలుగైదు స్పెల్లింగులు పెట్టి చూడండి, తమిళ పద్ధతిలో ‘త’కు t బదులు th, ‘ద’కు d బదులు dh కూడా పెట్టి చూడండి. గాయకుడి పేరుతో దొరక్కపోతే పాట మొదటి ముక్కతో, అదీ కాకపోతే ప్లేటు మీది కంపెనీ నంబరుతో వెతకండి. పాట యాప్‌ల ఉచిత ప్లాన్లలో కూడా పాత కంపెనీల కేటలాగు చాలా ఉంది. గాయకుల పేర్లు తారుమారై ఉంటాయి, ఓర్చుకోవాలి. తితిదే అన్నమాచార్య ప్రాజెక్టు చేయించిన సంకీర్తనల్లో చాలావాటిని డబ్బు కట్టకుండా వినవచ్చు. ప్రసిద్ధమైన పాతిక కీర్తనలు దాటి లోపలికి వెళ్లేవాళ్లు తక్కువ, అసలు నిధి అక్కడుంది.

ఇక రేడియో. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు ఎక్కడున్నా వినబడతాయి. 2016లో మొదలైన రాగం చానల్‌లో రోజంతా శాస్త్రీయ సంగీతమే. కావాల్సింది కావాల్సినప్పుడు రాదన్నది దీని లోపం, దీని సుఖం కూడా. కానీ వేటగాడికి రేడియో పాట కోసం కాదు, పేర్ల కోసం. పాటకు ముందు అనౌన్సర్ రచన ఎవరిది, స్వరకల్పన ఎవరిది, పాడినవారెవరు అని మూడు పేర్లు చెబుతారు. చీటీ మీద రాసుకోండి. సంతలో క్యాసెట్ల కుప్ప ముందు కూర్చున్నప్పుడు ఆ చీటీయే మీ కళ్లద్దాలు.

ఎక్కడ తవ్వాలి

హైదరాబాద్‌లో ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలతోపాటు అప్పుడప్పుడూ క్యాసెట్లు, సీడీలు కనబడతాయి. ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గర గురువారాల జుమ్మేరాత్ బజార్ పాత సామానుకు పెట్టింది పేరు. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే మంచివి పోతాయి. చెన్నై వెళ్లే పనుంటే సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ చూడండి. పాత కట్టడం 1985లో తగలబడింది గానీ రికార్డుల వ్యాపారం కొత్త కాంప్లెక్స్‌లోకి వెళ్లింది. తెలుగు సినిమా, తెలుగు రికార్డింగు దశాబ్దాల పాటు మద్రాసులోనే సాగాయి కాబట్టి తెలుగు ప్లేట్లు అక్కడ తేలడంలో వింత లేదు, తమిళ కొనుగోలుదారు వాటిని పక్కన పెట్టడం మన అదృష్టం. కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ముంబయి చోర్ బజార్ పేరున్నవే, కానీ ధరలు తెలిసినవాళ్లు కూర్చుంటారు. చార్జీలు పెట్టుకుని వెళ్లేంత లాభం లేదు.

సంతల కంటే మంచి చోటు మీ వీధి పాత పేపర్ల కొట్టు. రిటైరైన టీచర్లు, సంగీతం మాస్టార్లు ఇల్లు మారినప్పుడు, పోయినప్పుడు పెట్టెలకు పెట్టెలు అక్కడికే వస్తాయి. యజమానితో పరిచయం పెంచుకుని, క్యాసెట్లొస్తే పక్కన పెట్టమని చెప్పి ఫోన్ నంబరివ్వండి. బేరంలో ఒక్కదాన్నే పట్టుకుని రేటు అడగకండి, దానికి రెక్కలొస్తాయి. కావాల్సిన రెండింటిని అక్కర్లేని ఎనిమిదిలో కలిపి మొత్తానికి అడగండి.

ఎవరికి ఏది

హాస్టల్లో ఉండే విద్యార్థికి: ఏమీ కొనొద్దు. ఫోన్, రేడియో యాప్, ఓ నోటు పుస్తకం. ఇంటికెళ్లినప్పుడు అటక వెతకాలి.

నాటకం, బుర్రకథ, జానపదం మీద ఇష్టం ఉన్నవాళ్లకు క్యాసెట్ తప్ప దారి లేదు. శాస్త్రీయ సంగీతం వాళ్లు ముందు సీడీ, దాని తర్వాత రాగం చానల్. పాత పద్యాలు, ప్రైవేటు పాటలు కావాలంటే ఇంటర్నెట్‌లో ఉన్న 78లు చాలు, అవి విని ముగించేసరికి ఏళ్లు పడుతుంది. పని చేసే ప్లేయర్ వారసత్వంగా వచ్చినవాళ్లు మూడు నెలలకోసారి ఒక వాద్య సంగీతం ఎల్‌పీ కొనుక్కోవచ్చు. మిగతా రెండు నెలలు ఆగాలి, అదొక్కటే కష్టం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అక్కడి పాత రికార్డుల షాపుల్లో డాలరు పెట్టెలు ఉంటాయి. 1967లో మొదలైన నాన్‌సచ్ ఎక్స్‌ప్లోరర్ వరసలో కర్ణాటక సంగీతం ఎల్‌పీలు వచ్చాయి, రామ్నాడ్ కృష్ణన్ గాత్రం వాటిలో ఒకటి. అయితే షాపులకు వెళ్లే ముందు, 1980లు, 90ల్లో అక్కడికి వెళ్లిన అంకుల్స్‌ని అడగండి. సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన పెట్టి తీసుకెళ్లిన క్యాసెట్లు వాళ్ల బేస్‌మెంట్లలో పొడిగా, బూజు లేకుండా ఉండే అవకాశం ఇక్కడి కంటే ఎక్కువ.

మొదటి నెల 500 ఎలా ఖర్చు పెట్టాలని అడిగితే నా లెక్క ఇది: బంధువుల టేప్ రికార్డర్‌కు బెల్టు, హెడ్ శుభ్రం చేసే మందు, కంప్యూటర్‌కు తీగ కలిపి 300 లోపు తేలేలా చూసుకోండి. 150కి క్యాసెట్లు, వాటిలో కనీసం సగం మీకు తెలియని పేర్లు, రెండైనా చేతిరాతవి. మిగిలిన 50 సంత దగ్గర టీకి, తిరుగు బస్సుకి.